కేస్ షీట్‌లో పట్టని మాటలు: మెడిసిన్ చదివేవాళ్లకు కథలూ బొమ్మలూ ఎందుకు?

ప్రశ్న: వరంగల్‌లో ఎంబీబీఎస్ సెకండియర్ చదువుతున్నాను. ఏట్‌కామ్ క్లాసుల్లో కథ చదవమంటారు, రోల్ ప్లే చేయమంటారు. పీజీ ఎంట్రన్స్‌లో వీటికి ఒక్క మార్కు కూడా రాదు. నిజంగా ఉపయోగం ఉందా, లేక ఫార్మాలిటీయేనా? ఇంకో సంగతి. మా నాయనమ్మ పది రోజులు దవాఖానలో ఉండి వచ్చింది. జబ్బు తగ్గింది, అందరూ బాగానే చూశారు. అయినా "నా మాట ఎవలూ ఇనలే" అని రోజూ అంటుంది. ఎందుకలా?

జవాబు:

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. వరంగల్‌లోనే చదువుకున్నాను, పరకాల, ములుగు వైపు చాలా ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు మీలాంటి పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. సాహిత్యం మనిషిని కాను. ఇంటర్ తర్వాత తెలుగు పుస్తకం పట్టింది లేదు, అదీ చాలా ఏళ్లపాటు. కాబట్టి కళల మీద ప్రేమతో చెప్తున్నానని అనుకోవద్దు. వార్డులో దెబ్బతిని ఇటు వచ్చినవాణ్ణి.

మార్కుల సంగతి ముందే తేల్చేద్దాం. ఎంట్రన్స్‌లో రావు. 2019లో కొత్త కరిక్యులంతో పాటు ఏట్‌కామ్ వచ్చింది. వైఖరి, నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పాలన్నది దాని ఉద్దేశం. చాలాచోట్ల అది లాగ్‌బుక్‌లో సంతకాల పనిగా మారింది, దాచేదేం లేదు. ఫార్మాలిటీగా చేస్తే ఫార్మాలిటీగానే మిగులుతుంది. మీ అనుమానం తప్పు కాదు. ఆ క్లాసు వెనక ఉన్న అసలు పనిని మాత్రం దానితో కలిపి కొట్టేయకండి.

ఆ పని ఏమిటో ఒక అమ్మ దగ్గర తెలిసింది. నేను పీజీలో ఉన్న రోజులు. యాభై ఏళ్ల మనిషి, పత్తి చేన్లకు కూలికి పోతుంది. షుగర్ నాలుగు వందలు దాటి, కాలికి పుండుతో అదే ఏడాది మూడోసారి అడ్మిట్ అయింది. ఇన్సులిన్ రాసిస్తాం, ఇంటికి పోతుంది, మానేస్తుంది. ఎందుకు మానేశావంటే "మర్చిపోయిన సారూ" అంటుంది. నేను కేస్ షీట్‌లో "నాన్ కంప్లయంట్", అంటే చెప్పినట్టు మందు వాడని మనిషి అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీత ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ డ్రెస్సింగ్ చేస్తూ ఆమెను ఇంకో రకంగా అడిగింది. "సూది బందు పెట్టిన రోజు ఏమైందో పొద్దుగాల లేచిన కాడి నుంచి చెప్పు." ఆమె చెప్పింది. పొద్దున్నే సూది వేసుకుంది. అంతలో కూలోళ్ల ఆటో వచ్చింది. సద్ది కట్టుకొని ఎక్కింది. తినడం చేను దగ్గరే అనుకుంది. అక్కడికి పోయాక మేస్త్రి ముందు సాలు ఎక్కమన్నాడు. సాలు సగం ఏరేసరికి చెమటలు, చేతుల వణుకు, కళ్లకు చీకట్లు. అక్కడే పడిపోయింది. పక్కవాళ్లు గాలి సోకిందన్నారు. ఎవరో బెల్లం నీళ్లు తాగించారు, లేచి కూర్చుంది. "ఆ సూది నా పెయ్యికి పడ్తలేదని సమజైంది, గప్పటి సంది ఏసుకుంటలేను."

మీరు ఫార్మకాలజీలో చదివే హైపోగ్లైసీమియా, రక్తంలో చక్కెర బాగా పడిపోవడం, అచ్చంగా ఇదే. ఇన్సులిన్ పడింది, తిండి పడలేదు. తన దృష్టిలో ఆమె ప్రాణం కాపాడుకునే పనే చేసింది. మేం డోసు మార్చాం. తిండి ముందర ఉంటేనే సూది వేసుకోమని, కొంగున చక్కెర కట్టుకొమ్మని చెప్పాం. కష్టమైన వైద్యమేమీ కాదు. మూడు అడ్మిషన్లలో మాకు దొరకనిది సిస్టర్‌కి పది నిమిషాల్లో దొరికింది. మేం కారణం అడిగాం, ఆమె ఒక రోజు గురించి అడిగింది. అదే తేడా. "ఎందుకు" అని అడిగితే రోగికి బోనులో నిలబెట్టినట్టు ఉంటుంది, తప్పించుకునే మాట ఒకటి చెప్పి ఊరుకుంటారు.

చిన్నప్పుడు కథ చెప్పేటప్పుడు అవ్వ "ఊ కొట్టు" అనేది గుర్తుందా? ఊ కొట్టడం ఆగితే కథ ఆగిపోయేది. ఒగ్గుకథ చూసే ఉంటారు. ప్రధాన కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు. పక్కన ఒకరు "ఆ తర్వాత?" అంటారు, అనుమానం అడుగుతారు, నవ్విస్తారు. ఆ పక్కవాడు లేకపోతే కథ నడవదు. ఓపీలో మనం ఆ పక్కవాళ్లం. మనమేమో కథకుడి దగ్గర కథే లాక్కుంటాం. అమెరికాలో 1984లో ఇద్దరు పరిశోధకులు 74 కన్సల్టేషన్ల రికార్డింగులు విని లెక్క కట్టారు. తన బాధ మొదటి మాట నుంచి చివరిదాకా చెప్పుకోగలిగింది 17 మందే. డాక్టర్ అడ్డుపడటానికి పట్టిన సమయం సగటున 18 సెకన్లు. అక్కడి డాక్టర్లకు మనంత రద్దీ ఉండదు, గమనించండి.

ఇక మాటల దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. మన రోగి తెలంగాణ మాటలో చెప్తుంది, మనం ఇంగ్లిష్‌లో రాస్తాం. మధ్యలో ఎంత కారిపోతుందో ఎవరూ చూడరు. "పాణం గుంజుతంది" అంటే "జనరల్ వీక్‌నెస్" అని రాస్తాం. "రంది పెట్టుకున్న" అంటే "యాంగ్జైటీ". "బుగులైతంది" అన్నా అదే "యాంగ్జైటీ". కానీ రంది వేరు, బుగులు వేరు. బుగులు రాబోయేదాని మీద, భయం లాంటిది. రంది మనసులో ఒకరి మీదో ఒకదాని మీదో పడి కొరుక్కుతింటుంది: దుబాయ్ పోయి ఫోన్ చేయని కొడుకు, పెళ్లికి తెచ్చిన అప్పు. రంది అన్నవాళ్లను "ఎవల మీద?" అని అడగొచ్చు, జవాబు వస్తుంది. "యాంగ్జైటీ"ని ఆ ప్రశ్న అడగలేం. తెలుగులో ఉన్న రోగనిర్ధారణ కేస్ షీట్‌కి ఎక్కేసరికి చచ్చిపోయిందన్నమాట.

అయితే ఒక జాగ్రత్త. మాట అందంగా ఉందని పరీక్ష మానేయకూడదు. పాణం గుంజుతుందన్న మనిషికి హిమోగ్లోబిన్ ఆరు ఉండొచ్చు, థైరాయిడ్ తగ్గి ఉండొచ్చు. రందితో గుండె దడ అన్న కోడలికి థైరాయిడ్ ఎక్కువై ఉండటం నేనే చూశాను. మాటను విని, ఆ తర్వాత రక్తమూ తీయాలి.

మన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? 2016లో వరంగల్‌లో పెట్టిన ఆ యూనివర్సిటీకి ఒక కవి పేరు, కాళోజీ నారాయణరావు పేరు పెట్టారు. బడి పలుకుల భాష కాదు, జనం పలుకుబడుల భాష కావాలని జీవితమంతా గొడవపడ్డ మనిషి. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేస్తాం. ఆయన పేరున్న సర్టిఫికెట్ తీసుకొని, పలుకుబడి భాష అర్థం కాని డాక్టర్లుగా బయటికి వస్తున్నాం. ఇది మీ తప్పు కాదు, మా పాఠం చెప్పే తీరు తప్పు.

మాటల్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఆర్థర్ క్లైన్‌మన్ అనే సైకియాట్రిస్ట్, తన సహచరులతో కలిసి 1978లో, రోగి తన జబ్బును తాను ఎలా అర్థం చేసుకుంటున్నాడో అడిగే ప్రశ్నలు కొన్ని ప్రతిపాదించాడు. పుస్తకంలో ఉన్నట్టు అడిగితే మన అవ్వలు మొహం మొహం చూస్తారు. నేను అడిగే తీరు ఇది: "ఏమైందనుకుంటున్నవవ్వా? ఎందుకొచ్చిందంటవు? గప్పుడే ఎందుకొచ్చింది? దీంతోటి ఏం పని ఆగింది? దేనికి ఎక్కువ బుగులు పడుతున్నవు?" అన్నీ ఒకేసారి అడగక్కర్లేదు. రద్దీ ఓపీలో చివరి ప్రశ్న ఒక్కటే అడుగుతాను. రెండు ముక్కల్లో చెప్పేస్తారు. గ్యాస్ నొప్పితో వచ్చిన మనిషి "మా అన్న గిట్లనే పోయిండు" అంటాడు. అతను ఇన్నిసార్లు ఎందుకు వస్తున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఈసీజీ కాగితం చేతిలో పెట్టి చూపిస్తే ఆ మనిషి నిమ్మళంగా ఇంటికి పోతాడు.

అమ్మవారు పోసినప్పుడు వచ్చే పేచీ కూడా ఇలాంటిదే. చికెన్‌పాక్స్‌ని అమ్మవారు అనగానే మూఢనమ్మకం అని మనవాళ్లు కసురుకుంటారు. కానీ ఆ ఇంట్లో ఏం చేస్తారో చూడండి. రోగిని వేరే గదిలో ఉంచుతారు. గుమ్మానికి వేపమండలు కడతారు, ఇంటికి ఎవరూ రారు. అంటే ఐసొలేషన్ అప్పటికే నడుస్తోంది. మశూచి మన దేశంలో చివరిగా కనిపించింది 1975లో. దానికి ముందు ఎన్నో తరాలు పోశమ్మకు బోనం పెట్టి, ఆ ఇంటివైపు పోకుండా ఊరిని కాపాడుకున్నాయి. చరిత్ర కొంచెం తెలిస్తే కసురుకోవాలనిపించదు. పెద్దవాళ్లకు చికెన్‌పాక్స్ వస్తే న్యుమోనియా భయం ఉంటుంది. దద్దు లేచిన మొదటి రోజే మందు మొదలుపెడితే మేలు. అందుకని నేను తల్లితో తగాదా పెట్టుకోను. "అమ్మకు చేసేది చెయ్యండి, ఈ గోలీలు అయిదు పూటలా వెయ్యండి, పిల్లలకు మాత్రం ఆస్పిరిన్ వద్దు" అంటాను. వేస్తారు. "అమ్మవారు లేదు, వైరస్ ఉంది" అని వాదించిన ఒక కుర్ర డాక్టర్ గెలిచాడు కానీ ఆ ఇంటివాళ్లు మళ్లీ రాలేదు. ఆ కుర్ర డాక్టర్ని కూడా నేనే.

బొమ్మల గురించి. యేల్ యూనివర్సిటీలో ఇర్విన్ బ్రేవర్‌మన్ అనే చర్మవ్యాధుల ప్రొఫెసర్ మెడికల్ స్టూడెంట్లను మ్యూజియంకి తీసుకెళ్లి పెయింటింగుల ముందు నిలబెట్టేవాడు. కనిపించింది మాత్రమే చెప్పాలి, అర్థం తర్వాత. ఆ పిల్లలు రోగుల ఫొటోలను మిగతావాళ్ల కన్నా మెరుగ్గా వర్ణించారని 2001లో ప్రచురించారు. మనకు మ్యూజియం దాకా పోవాల్సిన పని లేదు, చేర్యాల ఉంది. ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేటలో కలిసింది. ఆ నకాశీ పటాల్లో ఎర్రటి నేల మీద గళ్లు గళ్లుగా కథ నడుస్తుంది. పటం విప్పుతూ కథ చెప్పేవాళ్లు. నేను ఒక పటం ఫొటో పెట్టి స్టూడెంట్లను పది నిమిషాలు చూడమంటాను. మొదటి రెండు నిమిషాల్లో "దేవుడు, రాజు, పెళ్లి" అని పేర్లు పెట్టేసి ఫోన్లు తీస్తారు. అయిదో నిమిషానికి ఎవరో ఒకరు "సార్, ఈ మూల ఆడమనిషి ఎవరివైపూ చూడట్లేదు" అంటారు. అప్పుడు క్లాసు మొదలవుతుంది. పేరు పెట్టగానే చూడటం ఆగిపోతుందని వాళ్లకే అర్థమవుతుంది. మరుసటి రోజు వార్డులో సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) అని బోర్డు తగిలించిన మంచం దగ్గర ఇదే చేయిస్తాను. అరచేతులు ఎర్రగా ఉండటం పుస్తకంలో ఉన్నదే, అందరూ చెప్తారు. దుప్పటి కింద చెప్పులు వేసుకునే పడుకున్నాడని ఒకమ్మాయి చూసింది. ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అని ఉన్నాడు. ఆ సాయంత్రమే వెళ్లిపోయేవాడు, ఆ అమ్మాయి పోయి మాట్లాడింది కాబట్టి ఆగాడు.

రోల్ ప్లే మీద నాకు అంత గురి లేదు, పది మంది ముందు నటించమంటే పిల్లలు నవ్వుతారు. కానీ ఒక పద్ధతి పనిచేస్తుంది. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ తెచ్చిన ఫోరమ్ థియేటర్. గొడవ ఉన్న సన్నివేశాన్ని ఆడతారు, ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆగండి" అని లేచి ఆ పాత్రలోకి వచ్చి వేరేలా ప్రయత్నించవచ్చు. ఢిల్లీ యూసీఎంఎస్ కాలేజీలో మెడికల్ హ్యుమానిటీస్ గ్రూప్ దీన్ని బాగా వాడింది. మీరు చేస్తే డాక్టర్ పాత్ర తీసుకోకండి. అటెండెంట్ పాత్ర తీసుకోండి. వరండాలో చాప మీద మూడు రాత్రులు పడుకొని, ఏ కౌంటర్లో ఏ చిట్టీ ఇవ్వాలో తెలియని మనిషి.

సంరక్షణ గురించి చెప్పాలంటే ఆ మనిషి దగ్గరే మొదలుపెట్టాలి. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్ల డిశ్చార్జ్ కాగితం మీద "రెండు గంటలకోసారి పక్క మార్చాలి" అని ఒక లైను రాస్తాం. పుండ్లు పడకూడదు కదా, సరైన సలహానే. లెక్క వేయండి. రోజుకు పన్నెండుసార్లు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నాలుగుసార్లు లేవాలి. లేచేది ఎవరు? ఎక్కువగా కోడలు. తెల్లారి వంట ఆమెదే, బీడీలు చుట్టేది ఆమే. చుట్టాలు వచ్చినప్పుడు "అత్తకు సేవ చేస్తున్న" అంటుంది. నాలుగేళ్ల తర్వాత సిస్టర్ దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు "ఈ చాకిరి నాతోని అయితలేదు" అంటుంది. రెండూ నిజమే. సేవ అన్నప్పుడు మెచ్చుకొని, చాకిరి అన్నప్పుడు తప్పుపట్టే డాక్టర్‌కి ఆమె ఇంకెప్పుడూ నిజం చెప్పదు. నేను ఈమధ్య డిశ్చార్జ్ అప్పుడు రోగి గురించి మాట్లాడటం అయిపోయాక "నువ్వు రాత్రి ఎంతసేపు పడుకుంటున్నవు బిడ్డా?" అని అడుగుతున్నాను. చాలామంది వెంటనే జవాబు చెప్పరు, ఏడుస్తారు. అప్పుడు కొడుకును పిలిచి రాత్రి రెండుసార్లు పక్క మార్చడం నీ డ్యూటీ అని కాగితం మీద రాసిస్తాను. డాక్టర్ రాత కదా, పనిచేస్తుంది.

ఇంకొకటి చెప్పాలి, ఇది ఏ సిలబస్‌లోనూ లేదు. మన దగ్గర మనిషి పోతే ఆడవాళ్లు శోకం పెట్టి ఏడుస్తారు. వార్డుల్లో దాన్ని గోల అంటాం, బయటికి పంపిస్తాం. ఒకసారి న్యుమోనియా అని మేం వైద్యం చేసిన ఒక పెద్దాయన తెల్లవారుజామున పోయాడు. భార్య మెట్ల మీద కూర్చొని ఆయనతోనే మాట్లాడుతున్నట్టు ఏడుస్తోంది. బువ్వ మింగరాకపాయె, గటక పోస్తె గొంతుల నిలవడె, అంబలి పోస్తె దగ్గు వచ్చె, ఎవలికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంటివి అంటోంది. నేను అక్కడే నిలబడిపోయాను. ముందు గట్టి పదార్థం, తర్వాత మెత్తటిది, చివరికి నీళ్లలాంటిది. అన్నవాహికలో గడ్డ పెరుగుతున్నప్పుడు మింగడం ఆ వరసలోనే పోతుంది. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి మళ్లీ మళ్లీ న్యుమోనియా వస్తుంది. ఆయనకు అదే ఏడాది రెండోసారి. మా కేస్ షీట్‌లో మింగడం గురించి ఒక్క ముక్క లేదు. ముందే తెలిస్తే బతికేవాడని అనను, అప్పటికే ఆలస్యమై ఉండొచ్చు. కానీ ఆ హిస్టరీ ఆ ఇంట్లో ఉంది, మూడు నెలలుగా ఉంది. చెప్పడానికి ఆమెకు దొరికిన మొదటి చోటు ఆ మెట్లు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలో అడగలేదు కానీ చెప్తాను. న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో రీటా షారన్ అనే డాక్టర్ స్టూడెంట్లతో రెండో కేస్ షీట్ రాయించేది. అసలు కేస్ షీట్‌లో రాయడానికి వీల్లేనివి, కానీ ఎక్కడో ఒకచోట రాయాల్సినవి అందులో రాస్తారు, మామూలు మాటల్లో. మీకు క్లినికల్ పోస్టింగులు మొదలయ్యాయి కదా. ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనండి. వారానికి ఒక్క రోగి చాలు. ఎడమ పేజీలో ఆమె అన్న మాట ఆమె అన్నట్టే. కుడి పేజీలో మీరు కేస్ షీట్‌లో రాసింది. కింద మీకు ఏమనిపించిందో. చిరాకు వేస్తే చిరాకు అనే రాయండి. పేరు, ఊరు, మంచం నంబర్ రాయొద్దు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు, ఎంత మంచి కథైనా సరే. అది వాళ్ల బతుకు, మన కంటెంట్ కాదు. రోగి కథ చెప్పి చప్పట్లు కొట్టించుకునే డాక్టర్లను చూశాను, వాళ్ల కన్నా కసురుకునేవాళ్లే నయం అనిపించింది.

ఇవన్నీ చేస్తే డాక్టర్లకు దయ పెరుగుతుందా అంటే, ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాల్లో చాలావరకు చిన్నవి, కొద్ది నెలలే చూసినవి. నేను పెద్ద మాటలు చెప్పను. కొందరు ఎంత చదివినా మారరు. టైమ్ లేదన్నదీ అబద్ధం కాదు, ఓపీలో వంద మంది ఉన్నప్పుడు కథలు వినలేం. నా అనుభవంలో నిజంగా మారేది ఒకటే: "మర్చిపోయిన సారూ" అని వినగానే పెన్ను ఆగుతుంది.

ఇక మీ నాయనమ్మ. పది రోజులు బీపీ చూశారు, రక్తం తీశారు, సూదులు వేశారు. అందరూ ఆమె పెయ్యిని బాగానే చూసుకున్నారు, ఆమెకూ ఆ సంగతి తెలుసు. ఫిర్యాదు చికిత్స మీద కాకపోవచ్చు. ఆమె చెప్పాలనుకున్న మాట ఒకటి అక్కడ మొదలుపెట్టి సగంలో ఆపేసి ఉంటుంది. అది జబ్బుకు సంబంధం లేనిదే కావచ్చు, ఆవల మంచం మీద పోయినామె గురించి కావచ్చు. ఆదివారం ఇంటికి పోతే ఫోన్ లోపల పెట్టి పక్కన కూర్చోండి. "ఎవలు ఇనలే?" అని అడగొద్దు, పేర్లు చెప్పమన్నట్టు ఉంటుంది. "దవాఖానకు పోయిన రోజు పొద్దుగాల ఏమైంది నాయనమ్మా?" అనండి. మధ్యలో మీకు డయాగ్నసిస్ తట్టినా చెప్పకండి. ఊ కొట్టండి.